నీడలో కాఫీ, ఎండలో పురుగు

అరబికా కాఫీ మొక్కను లోపలినుంచి గుల్ల చేసి చంపే కీటకం తెల్ల కాండం తొలుచు పురుగు. శాస్త్రీయ నామం జైలోట్రెకస్ క్వాడ్రిపెస్. ఇది సెరాంబిసిడే అనే పెంకుపురుగుల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో చాలా జాతుల పిల్లపురుగులు కర్ర తిని బతుకుతాయి. పడిపోయిన మానుల్ని, నీరసించిన చెట్లని తొలిచి పొడిచేసి తిరిగి మట్టిలో కలపడం అడవిలో వాటి పని. అదే కుటుంబంలోని కొన్ని జాతులు పచ్చని చెట్టును పట్టినప్పుడు మాత్రం మనిషి వాటిని చీడల లెక్కలో వేస్తాడు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు, అరకు కొండల మీద గిరిజన రైతులు పండించేది దాదాపు అంతా అరబికాయే. రోబస్టా రకాన్ని అంతగా పట్టని ఈ పురుగు అరబికాను వదలదు. అందుకే మన్యం కాఫీకి ఉన్న కీటకాల బెడదల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

పెద్ద పురుగు సెంటీమీటరుకు కాస్త పైబడిన పొడవు ఉంటుంది. సన్నటి నల్లని ఒళ్లు, రెక్కల పెంకుల మీద బూడిదరంగు కలిసిన తెల్లటి చారలు. ఆడపురుగు మగదానికంటే పెద్దది. కుటుంబానికి పొడుగు మీసాలు ప్రసిద్ధి అయినా, ఈ జాతి మీసాలు పొట్టివే. ఎండ కాసే పూట ఇది కాండం మీద చురుగ్గా, ఆగి ఆగి పరుగెడుతూ కనిపిస్తుంది. మబ్బు పట్టినా, నీడ పడినా కదలిక తగ్గిపోతుంది. ఆడపురుగు బెరడులో పగుళ్లు వెతుక్కుని, పొట్టు రేగిన చోట సందుల్లో కొన్ని కొన్ని చొప్పున గుడ్లు దూర్చిపెడుతుంది. నున్నటి బెరడు దానికి పనికిరాదు. గుడ్డు నిలవాలంటే సందు కావాలి, పొదగాలంటే వెచ్చదనం కావాలి. ఈ రెండు అవసరాల చుట్టూనే ఈ పురుగు కథంతా తిరుగుతుంది, దాన్ని అదుపు చేసే ఉపాయాలన్నీ కూడా.

పది రోజులు తిరక్కముందే గుడ్డునుంచి కాళ్లులేని తెల్లటి పిల్లపురుగు బయటికొస్తుంది. తలవైపు లావు, తోకవైపు సన్నం. మొదటి రెండు నెలలూ అది బెరడు కిందే తింటూ పోతుంది. అది పోయిన దారి వెంబడి బెరడు ఉబ్బి, కాండం చుట్టూ గట్టులాంటి వరస తేలుతుంది. అలవాటుపడ్డ రైతు వేలితో తడిమి పోల్చుకునే ఆనవాలు ఇదే. ఆ తర్వాత పురుగు గట్టి కర్రలోకి దిగుతుంది. అక్కడ ఒక దిక్కంటూ లేకుండా సొరంగాలు తవ్వుతుంది, ఒక్కోసారి వేళ్లలోకీ దిగిపోతుంది. తొలిచిన దారిని తన పిప్పితోనే వెనకనుంచి గట్టిగా కూరుకుంటూ పోవడం దీని ప్రత్యేకత. సొరంగం ఖాళీగా ఉంటే మందు లోపలికి ఎక్కించవచ్చు, తీగ దూర్చి పురుగును చంపవచ్చు. పిప్పితో బిగించిన దారిలోకి మందూ పోదు, తీగా పోదు. లోపలికి దిగిన పురుగును మొక్క బతికుండగా చంపడం దాదాపు అసాధ్యం కావడానికి కారణం ఇదే.

తొమ్మిది పది నెలలు ఇలా తిని, లోపలే ఒక గది చేసుకుని ప్యూపాగా మారి, మరో నెలకు రెక్కల పురుగై గుండ్రటి రంధ్రం చేసుకుని బయటపడుతుంది. అలా ఏడాది తిరిగేసరికి ఒక తరం పూర్తవుతుంది. పురుగులు బయటికొచ్చే కాలాలు రెండు: ఏప్రిల్, మే నెలలు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకటి. లేత మొక్క ఏడాదిలోనే ఎండిపోతుంది. ముదురు మొక్క కొన్ని కాపుల దాకా నిలబడుతుంది గాని, ఆకు పసుపుబారి, కాపు పలచబడి, చివరికి చిన్న తోపుకే కాండం విరుగుతుంది.

కాఫీ ఈ దేశపు చెట్టు కాదు. అరబికా పుట్టిల్లు ఇథియోపియా కొండలు. పురుగు మాత్రం ఇక్కడిదే. భారతదేశం, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా అడవుల దాకా దాని ఉనికి ఉంది, కాఫీ రాకముందు కొన్ని అడవి చెట్లలో బతికేది. అంటే ఎక్కడినుంచో వచ్చిపడిన శత్రువు కాదు ఇది. పాత అడవి పురుగుకు మనిషే కొత్త మేత తెచ్చి, కొండంతా పరిచి పెట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రెంచివారి ఏలుబడిలోని ఉత్తర వియత్నాంలోనూ ఇదే పురుగు అరబికా తోటల్ని దెబ్బతీసింది.

దీని మీద జరిగిన తొలి గట్టి పరిశోధన 1860ల నాటిది. అప్పట్లో కొడగులో, మైసూరులో, వయనాడులో దొరలు అడవి నరికి కాఫీ తోటలు వేశారు. వానలు సరిగా లేని ఆ దశాబ్దం మధ్యలో తోటలకు తోటలే ఎండిపోవడం మొదలైంది. మద్రాసు ప్రభుత్వం ఈ సంగతి తేల్చమని జార్జి బిడీ అనే వైద్యుణ్ని పంపింది. మొక్కల శాస్త్రంలోనూ దిట్ట అయిన ఈయన తరువాతి కాలంలో మద్రాసు మ్యూజియం అధిపతిగా పనిచేశాడు. తోటలన్నీ తిరిగి ఆయన రాసిన నివేదిక 1869లో అచ్చయింది. ఎండ నేరుగా పడే తోటల్లో నష్టం విపరీతంగా ఉందని, పెద్ద చెట్ల నీడ ఉన్నచోట మొక్కలు చాలావరకు నిలబడ్డాయని ఆయన గమనించాడు. అందుకు విరుగుడుగా నీడచెట్లు నాటమన్నాడు. అడవిని మొత్తం తుడిచేసి పైకప్పు లేకుండా కాఫీ వేయడమే లాభమని నమ్మిన రోజుల్లో ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. పురుగు రసాయన సంకేతాలు, జీవిత చక్రపు వివరాలు ఏవీ తెలియని కాలంలో కేవలం తోటకూ తోటకూ ఉన్న తేడాను ఓపిగ్గా పోల్చి చూసి చేసిన నిర్ణయం అది. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా కాఫీ బోర్డు సలహాల్లో మొదటి వాక్యం అదే.

చింతపల్లి కొండలకు కాఫీ పెద్దయెత్తున రావడం చాలా ఆలస్యంగా జరిగింది. 1960లలో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో నాటిన తోటలతో ఇది ఊపందుకుంది. ఆ తర్వాత గిరిజన రైతుల భూముల్లోకి సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా వ్యాపించింది. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయం చూపడం అందులో ఒక ఉద్దేశం. ఇప్పుడు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చింతపల్లికి దగ్గర్లోని ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. చింతపల్లిలోనే ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఎత్తయిన గిరిజన మండలం కోసం పనిచేస్తోంది.

సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైనున్న ఈ నేల అరబికాకు సరిపోతుంది. చిక్కంతా నీడ దగ్గరే ఉంది. అడవి కప్పు మిగిలిన చోట నాటిన కాఫీకి పుట్టుకతోనే గొడుగు దొరికినట్టు. పోడు కొట్టి చెట్లు పోయిన వాలులో ఆ గొడుగును ముందు పెంచుకోవాలి. అందుకే అక్కడ మొదట సిల్వర్ ఓక్ నాటి, అది రెండు మూడేళ్లు ఎదిగాక కాఫీ మొక్క పెడతారు. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి చెందిన ఈ చెట్టు త్వరగా ఎదుగుతుంది, నిటారుగా పోతుంది, మిరియం తీగ పాకడానికి ఆసరా ఇస్తుంది, ముదిరితే కలప అమ్ముకోవచ్చు. రైతుకు ఇంత మేలు చేసే చెట్టును తప్పుపట్టడానికి లేదు. కాని ఇది ఎదగకముందే కాఫీ పెట్టినా, కలప కోసమో కాపు పెరుగుతుందనో ఒక్కసారిగా కొట్టేసినా, కొమ్మలు వేసవికి ముందు అతిగా నరికినా ఏప్రిల్ ఎండ సూటిగా కాఫీ కాండం మీద పడుతుంది. సరిగ్గా అప్పుడే పురుగులు రెక్కలు విప్పుతాయి.

నీడ ఒకే చెట్టుది కావడంలోనూ ప్రమాదం ఉంది. బాడిద చెట్టు అనుభవం ఇందుకు సాక్ష్యం. దక్షిణాదిలో కాఫీకి నీడగా, మిరియానికి ఆసరాగా తరతరాలుగా వాడిన చెట్టు అది. 2004లో శాస్త్రలోకానికి కొత్తగా పరిచయమైన ఒక కందిరీగ జాతి ఒకటి రెండేళ్లలోనే కేరళ చేరింది. సుమారు మిల్లీమీటరున్నర ఉండే ఆ కందిరీగ బాడిద లేతాకుల్లో, ఈనెల్లో గుడ్లు పెట్టగానే అక్కడ కాయల్లాంటి బుడిపెలు లేచి, ఆకు ముడుచుకుపోయి, కొమ్మలు మాడిపోయాయి. హవాయి దీవుల్లో స్థానిక బాడిద జాతిని అంతరించే స్థితికి తెచ్చిందీ అదే. అక్కడ 2008లో ఆఫ్రికానుంచి తెచ్చిన మరో పరాన్న కందిరీగను వదిలాకే పరిస్థితి కుదుటపడింది. మన్యం తోటల్లో పనస, నేరేడు, మామిడి వంటి ఊరి చెట్లు సిల్వర్ ఓక్ మధ్య మిగలాలని శాస్త్రవేత్తలు పట్టుబట్టడం వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి.

నీడ తర్వాత చేసేదంతా చేతి పని. ఏడాదికి రెండుసార్లు, పురుగులు బయటికి రాకముందే, అంటే మార్చిలోనూ సెప్టెంబరులోనూ ప్రతి మొక్కనూ వంగి చూడాలి. బెరడు మీద గట్టు తేలిందా, ఆకు వాడిందా, కాండాన్ని ఊపితే తేడాగా కదులుతుందా? పురుగుపట్టిన మొక్కను వేరుతో సహా పీకి కాల్చేయాలి. ఇక్కడే చాలాచోట్ల పొరపాటు జరుగుతుంది. పీకిన కాండాల్ని వంటచెరకుగా ఇంటి పెరట్లో పేరుస్తారు. కట్టె ఎండినా లోపలి పురుగు చావదు, కాలం రాగానే అక్కడినుంచే రెక్కలతో లేచి తోటకు పోతుంది. కాల్చడానికి వీలులేకపోతే వారం పది రోజులు నీళ్లలో ముంచి ఉంచడం ఒక మార్గం. నాలుగేళ్లు సాకి కాపుకొచ్చిన మొక్కను చేతులారా పీకడం ఎకరం రెండెకరాల రైతుకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. పైగా సెప్టెంబరు తనిఖీ దాటాక ఎంతో కాలం పట్టకుండానే పండ్ల కోత మొదలవుతుంది, ఇంటిల్లిపాదీ కోత పనిలో ఉంటారు. రెండో విడత పురుగులు ఎగిరేదీ ఆ రోజుల్లోనే. సెప్టెంబరులో వదిలేసిన పని మళ్లీ మార్చి దాకా జరగదు.

రెండో పని బెరడు సవరించడం. రేగిన పొట్టును కొబ్బరి పీచుతోనో గోనె ముక్కతోనో రుద్ది తీసేస్తే గుడ్డు పెట్టే సందులు పోతాయి. కత్తి, గీరే పరికరాలు వాడకూడదు. లోపలి పచ్చ బెరడు గీసుకుపోతే కొత్త పగుళ్లు తయారవుతాయి. ఆ తర్వాత వంద లీటర్ల నీటికి పది కిలోల చొప్పున కలిపిన సున్నపు నీళ్లు కాండానికి, లావుపాటి కొమ్మలకు పూస్తారు. సున్నం సందుల్ని పూడ్చి, గుడ్లు పెట్టనివ్వదు. ఖర్చు తక్కువ, విషం లేదు. సేంద్రియ సాగు చేసే గిరిజన రైతులకు ఇంతకంటే అనువైన మందు లేదు.

మూడోది పురుగు సొంత భాషను దానిమీదే ప్రయోగించడం. ఈ జాతిలో మగపురుగు ఒక వాసన విడుదల చేసి ఆడపురుగుల్ని పిలుస్తుంది. చాలా కీటకాల్లో పిలిచేది ఆడది, ఇక్కడ తిరగబడింది. భారత కాఫీ పరిశోధకులు, బ్రిటన్ రసాయన శాస్త్రవేత్తలు కలిసి ఆ వాసనలో ముఖ్య పదార్థాన్ని గుర్తించి 2006లో వెల్లడించారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, అడ్డంగా నిలువుగా రేకులమర్చిన బోనుల్లో ఉంచి, ఎకరాకు పది చొప్పున తోటలో కడతారు. వాసనకు వచ్చిన పురుగు రేకుకు కొట్టుకుని కింద గిన్నెలో పడుతుంది. బోనులు తోట మొత్తాన్ని కాపాడేయలేవు. పురుగు ఎగరడం ఎప్పుడు మొదలైందో, ఏ మూల ఎక్కువ ఉందో చెప్పడంలో మాత్రం వాటికి సాటి లేదు.

కాఫీ ఒక్కటే కాదు, మొత్తంగా చెట్ల పురుగుల పరిశోధన ఒక శాస్త్రంగా ఈ దేశంలో స్థిరపడింది డెహ్రాడూన్‌లో. 1906లో అక్కడ అటవీ పరిశోధన సంస్థ ఏర్పడినప్పుడు తొలి అటవీ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ పెర్సీ స్టెబ్బింగ్. ఆయన 1914లో అడవి పెంకుపురుగుల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. ఆయన వెనక వచ్చిన సి.ఎఫ్.సి. బీసన్ దశాబ్దాలపాటు నమూనాలు సేకరించి 1941లో దాదాపు వెయ్యి పేజీల పుస్తకం రాశాడు. ఏ చెట్టును ఏ పురుగు తింటుందో, ఏ కాలంలో తింటుందో తెలుసుకోవాలంటే దక్షిణాసియాలో ఇప్పటికీ దాన్నే తిరగేస్తారు.  అయితే స్టెబ్బింగ్, బీసన్‌ల పుస్తకాలు పురుగుల్ని వర్ణించినంత గట్టిగా నష్టాన్ని కొలవలేదు. చెట్టు ఆకులన్నీ పోతే నిజంగా ఎంత కలప పోతుంది? దీనికి అంకెలతో జవాబు రావడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ జవాబు టేకు గురించి, చెప్పినవాడు కేరళ అటవీ పరిశోధన సంస్థకు చెందిన కె.ఎస్.ఎస్. నాయర్. తూర్పు కనుమల్లో గోదావరి వైపు అడవుల్లో సహజంగా, మరెన్నోచోట్ల నాటిన తోటల్లో పెరిగే టేకును రెండు పురుగులు తింటాయి. ఒకటి ఆకుతినే పురుగు, హిబ్లియా ప్యురా. తొలకరికి ముందు వానలు పడి లేతాకు రాగానే దాని రెక్కల పురుగులు గుంపులుగా దిగి గుడ్లు పెడతాయి, రెండు వారాల్లోపే కొండంతా మోడై నిలుస్తుంది. రెండోది ఆకు జల్లెడ పురుగు. ఇది ఈనెల మధ్య పచ్చదనాన్నంతా గీకి తిని, ఎండిన వలలాంటి ఆకును వదులుతుంది. వానాకాలం చివర టేకుతోటలు గోధుమరంగుకు తిరగడం దీని పనే. చూసేవారికి రెండూ సమాన శత్రువులే.

నాయర్, ఆయన సహచరులు నిలంబూరు టేకు తోటల్లో లేత చెట్లను భాగాలుగా విడగొట్టారు. కొన్నిటిని రెండు పురుగులనుంచీ మందు కొట్టి కాపాడారు, కొన్నిటిని ఒక్కొక్కదాని నుంచే కాపాడారు, కొన్నిటిని ఏమీ చేయకుండా వదిలారు. ఏళ్ల తరబడి చెట్ల చుట్టుకొలత, ఎత్తు కొలుస్తూ పోయారు. కాపాడిన చెట్లు ఏడాదికి హెక్టారుకు 6.7 ఘనమీటర్ల కలప పెంచితే, కాపాడనివి 3.7 ఘనమీటర్ల దగ్గరే ఆగాయి. అంటే ఎదుగుదలలో నూటికి 44 వంతులు ఆకుతినే పురుగు పాలైంది. చెట్టు చావదు కాబట్టి ఈ నష్టం ఎవరి కంటా పడదు. ఇక ఆకు జల్లెడ పురుగు వల్ల చెప్పుకోదగ్గ నష్టమే లేదని తేలింది. అది తినేది ఎలాగూ రాలబోయే ముదురు ఆకును. చెట్టు ఆ ఆకుతో చేయాల్సిన పని అప్పటికే అయిపోయింది. కంటికి కనబడే ధ్వంసానికీ చెట్టుకు జరిగే నష్టానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత స్పష్టంగా చూపిన ప్రయోగాలు ఉష్ణమండలపు అడవుల్లో అరుదు. ఏ పురుగుకు మందు కొట్టాలో మాత్రమే కాదు, దేనికి కొట్టనక్కర్లేదో కూడా ఇది చెప్పింది. ఆ తర్వాత అదే సంస్థ శాస్త్రవేత్తలు ఆకుతినే పురుగును మాత్రమే చంపే ఒక వైరస్‌ను నిలంబూరులోనే గుర్తించి, రసాయనం లేకుండా దాన్ని అదుపు చేసే దారి వేశారు. నాయర్ ఈ అనుభవమంతా కలిపి ఉష్ణమండల అడవుల పురుగుల మీద రాసిన గ్రంథం 2007లో వెలువడింది.

టేకు దగ్గర తేలిన ఈ సూత్రం కాఫీ దగ్గర తలకిందులవుతుంది. టేకుకు ఆకు పోయినా మళ్లీ చిగురిస్తుంది, నష్టం ఎదుగుదలకే పరిమితం. కాండం తొలుచు పురుగు పట్టిన కాఫీకి చాలా నెలలపాటు బెరడు మీది గట్టు తప్ప బయటికి ఏమీ తెలియదు. ఆకు పచ్చగానే ఉంటుంది, పూత కూడా వస్తుంది. తెలిసేసరికి మొక్క చేజారిపోతుంది. అందువల్లే ఇక్కడ నష్టం కొలిచి మందు కొట్టడం కాదు, వేలితో బెరడు తడమడం ముఖ్యమైంది.

కాఫీకి ఇప్పుడు మరో లెక్క కూడా తోడైంది. ఆఫ్రికానుంచి ప్రపంచమంతా పాకిన కాయ తొలుచు పురుగు మనదేశంలో 1990లో నీలగిరి జిల్లా గూడలూరులో మొదట కనిపించింది. దశాబ్దాలపాటు మన్యం కాఫీకి అది సోకలేదు. 2025లో అరకు ప్రాంతపు తోటల్లో బయటపడింది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని ఆడపురుగు కాయ కొనలో చిన్న రంధ్రం చేసి గింజలోకి దూరి అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలే గింజ తిని పెరుగుతాయి. రెక్కలు పనిచేయని మగవి అక్కడే తోబుట్టువులతో జతకట్టి, కాయ దాటి బయటికి రాకుండానే చనిపోతాయి. గర్భంతో ఉన్న ఆడవి మాత్రమే ఎగిరి మరో కాయ వెతుక్కుంటాయి.

దీనికి దట్టమైన నీడ, తేమ అనుకూలం. కాండం తొలుచు పురుగుకు భయపడి చీకటి చేసిన తోట దీనికి నచ్చుతుంది. కాబట్టి రైతు చూసుకోవాల్సింది మధ్యస్థమైన నీడ: కాండం మీద ఎండ నిలవకూడదు, తోటలో గాలి ఆడాలి. వేసవికి ముందు నీడను ఉంచి, వానాకాలం మధ్యలో సిల్వర్ ఓక్ కొమ్మలు కొంత సవరించడం ఇందుకు మార్గం. కాయ పురుగుకు అసలు విరుగుడు కోత దగ్గరే ఉంది. మొక్క మీద ఒక్క పండూ మిగలకుండా కోయాలి, నేల రాలినవన్నీ ఏరాలి. కోత సమయంలో చెట్టుకింద పట్టా పరిస్తే ఏరడం సులువవుతుంది. మిగిలిపోయిన ఎండు కాయలోనే పురుగు వచ్చే కాపు దాకా తలదాచుకుంటుంది. పురుగుపట్టిన కాయల్ని మరిగే నీళ్లలో ముంచి చంపుతారు. బవేరియా బాసియానా అనే తెల్లబూజు శిలీంధ్రాన్ని వానలు సాగే తేమ రోజుల్లో పిచికారీ చేస్తే, కాయలోకి దూరబోయే ఆడపురుగు ఒంటి మీద అది మొలిచి దాన్ని చంపుతుంది. పురుగున్న తోటనుంచి వచ్చిన గోనెసంచులు మరో ఊరి తోటకు పోకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం. ఇంతదూరం ఈ పురుగు తన రెక్కల మీద రాలేదు, సంచుల్లోనూ కాయల్లోనూ మనిషి వెంట వచ్చింది.